మిషన్ మాట

"ఏదీ, నోరు తెరువు," అంది అండాలు. తెరిచాను. దగ్గరికొచ్చి వాసన చూసింది. కట్టుకున్న పెళ్లామే నన్ను దొంగలా సోదా చేస్తోంది. ఇంట్లో షుగర్ చూసే మిషన్ కొన్నప్పటి నుంచి ఇదే తంతు.

దిల్‌సుఖ్‌నగర్‌లో బండి మీద పొద్దంతా బత్తాయిలు ఒలిచి రసం అమ్ముతాను. ఒక్క గుక్క తాగలేదంటే నమ్మదు.

"తాగకుంటే షుగర్ గింత ఎట్లొస్తది? మిషన్ అబద్ధం చెప్తదా?"

నిన్న ఎక్కువ చూపించిందని, డాక్టర్‌ను అడగకుండానే ఒకటికి రెండు గోళీలు మింగించింది. ఇవాళ బండి దగ్గర చెమటలు పట్టి, కాళ్లు తేలిపోయాయి. ఇంటికి రాగానే వేలు పొడిచింది. మూడు వందల పది.

"మల్ల తాగినవ్," అంటూ ఇంకో గోళీ తీసింది.

పక్క వాటా కోటేశ్వరమ్మకూ షుగరే. గుమ్మంలో నిలబడి నా చేతులు చూసింది. "ఆగు వదినా. ఆ పళ్లరసం చేతికే పొడిచావా? అన్నయ్యగారూ, సబ్బుతో కడుక్కురండి."

కడిగి తుడుచుకుని వచ్చాను. ఈసారి ఆమే పొడిచింది. యాభై ఎనిమిది.

"షుగర్ పడిపోయింది వదినా. ఇప్పుడా బిళ్ళ కూడా వేసుంటే మనిషి దక్కేవాడు కాదు."

 అండాలు గోళీ పక్కన పడేసి, చక్కెర నీళ్లు కలిపి తెచ్చింది.

"ఇది తాగినంక గూడ నోరు తెరువుమంటవా?" అన్నాను.

"తాగు," అంది. గ్లాసు నా చేతికివ్వకుండా తనే పట్టుకుంది. చివరి గుక్క దాకా వదల్లేదు.