జోరీగ అడిగిన తలుపు

"మళ్లీ వచ్చాడు జోరీగ!" అన్నాడతను, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే.

బల్లకి అటువైపు కూర్చుని తన ఆఫీసు ప్రోగ్రాం రాసుకుంటున్న భార్య నవ్వింది. "ఏమంటాడు?"

"అదే పాట. లైబ్రరీకి కొత్త తలుపు పెట్టాలట."

లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. తేదీలు, వేళలు లెక్కగట్టే ప్రోగ్రాం. అతను ఉచితంగా ఇస్తే వేలమంది తమ ప్రోగ్రాముల్లో కలుపుకున్నారు. ఎవరికి ఏ మార్పు కావాలన్నా అతనే చేయాలి. ఎవరి మార్పులు వాళ్లే తగిలించుకునేలా అందులో ఒక తలుపు తెరవమని జోరీగ అనే మారుపేరుతో ఎవరో నెలలుగా పోరుతున్నారు. ఎవరో గానీ, పేరు మాత్రం సరిగ్గా పెట్టుకున్నారు.

"పెడితే మీకే తెరిపి కదండీ?"

"పెట్టడం తేలికే. తర్వాత తియ్యలేం. మొదట్లో ప్రోగ్రాంలో ఒక పేరుకి అక్షరం తప్పు కొట్టా. ఈరోజుకీ దిద్దలేకపోతున్నా. దిద్దితే ఆ పేరు వాడుకున్న అందరి ప్రోగ్రాములూ ఆగిపోతాయి."

నిజమే, కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది అతని పని. జ్వరమొచ్చినా జవాబులు రాస్తాడు. ముక్కూమొహం తెలియనివాళ్లకి పేజీలకు పేజీలు. ఇంట్లో మాత్రం "ఊఁ"తో సరి.

"అక్క రమ్మంటోంది. ఓ వారం వెళ్లొద్దామా?"

"ఊఁ."

"ఊఁ అంటే?"

"నేను కదిలితే వీళ్లకి జవాబెవరు చెప్తారు?"

ఆమె టకటకా తన పనిలో పడింది.

జోరీగ నుంచి ఇంకో సందేశం వచ్చింది. "మీరు లేకపోయినా పని జరగాలి. మీకూ విశ్రాంతి కావాలి కదా?"

అతనికి ఒళ్లు మండింది. ఆ వెనకే భయమూ వేసింది. ఆ తలుపు తెరిస్తే ఇక తనతో పనెవరికి?

"నామీద జాలి కూడానూ! కుర్రాడు మంచివాడే, వదలడంతే."

"ఏం రాస్తారు?"

"వద్దనే."

రాశాడు కూడా. "క్షమించండి. తలుపు పెట్టను. ఇదే ఆఖరిమాట."

పంపేసి ఒళ్లు విరుచుకున్నాడు. "హమ్మయ్య, పీడ వదిలింది. ఇంతకీ నువ్వేదో అడిగావు?"

ఆమె తలెత్తకుండా టకటకా ఏదో కొట్టింది. అంతలో అతని తెరమీద జోరీగ జవాబు పడింది.

"సరే, అక్క దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్తాను."