బరువు చూసే మంచం

పొయ్యి పొగకు ఊపిరితిత్తులు పాడై, మాణిక్యాంబకు రెండు ముద్దలకే ఆయాసం వస్తుంది. ఆమె మంచం రోజూ ఎనిమిదింటికి బరువు చూస్తుంది. ముప్పై ఐదు కిలోల కంటే తగ్గితే దానంతటదే కబురు పంపుతుంది. పొట్టకు గొట్టం వేసేవాళ్లు వచ్చేస్తారు, ఎవరినీ అడగరు.

"గొట్టం వద్దే అమ్మాయ్, నోటితోనే తింటా" అని ఆమె ఏడ్చినప్పటి నుంచి కోడలు హైమావతి పరుపు కింద పచ్చడి నూరే రాతిబండ దాస్తోంది.

ఈ ఉదయం అత్తగారు నెల తర్వాత మొదటిసారి నోరు తెరిచి అడిగింది. "కాస్త గోంగూర నూరి పెట్టవే."

హైమావతి సంబరంగా బండ తీసుకుని వంటింట్లోకి పరిగెత్తింది. మిరపకాయలు నూరుతుండగానే ఎనిమిదైంది.

"ముప్పై మూడు కిలోలు" అంది మంచం. "మనుషులు బయల్దేరారు."

"అయిందటే?" ఆయాసపడుతూ పిలిచింది అత్తగారు. "వాసనకే నోరూరుతోంది."