మాతాజీ రామకోటి

"ఫోన్లన్నీ ఇందులో వేసెయ్యండి," అన్నాడు నికుంజ్ సక్సేనా, ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు టిఫిన్ డబ్బా చాపి.

నిర్మాత తిలక్‌రాజ్ సభర్వాల్ నవ్వుతూ రెండు ఫోన్లూ వేశాడు. "గడియారం కూడా విప్పమంటారా, డైరెక్టర్ సాబ్?"

"ఏమనుకోకండి. కాగితం మీద పెట్టను, రికార్డు చెయ్యనివ్వను. నోటితో చెప్తా, వినండి. పోయినేడాది నా కథ ఒకటి ఎవడో ఎత్తుకుపోయాడు."

నికుంజ్‌కి సస్పెన్స్ సినిమాలు తప్ప మరో పని చేతకాదు. మొదటిది పదకొండేళ్ల కిందట ఆడింది. తర్వాతి మూడూ పడుకున్నాయి. హంతకుడెవరో ఇంటర్వెల్‌కే తెలిసిపోయిందని అతని బిల్డింగు సెక్రటరీ లిఫ్టులో చెప్పేవాడు, సినిమా చూడకుండానే. ఇది కూడా పోతే మిగిలింది టీవీలో అత్తాకోడళ్ల సీరియల్. ఎనిమిది వందల ఎపిసోడ్లు. సంతకానికి సోమవారం దాకా గడువు.

సభర్వాల్‌కి మాత్రం ఏటా ఒక సస్పెన్స్ సినిమా ఆడుతుంది. కథ ఎవరిదో ఎవరికీ తెలీదు. తెర మీద 'కథావిభాగం' అని పడుతుంది.

"నాకు కథలు ఎక్కవు సాబ్," అన్నాడు సభర్వాల్. "మా అమ్మ వింటుంది. హంతకుణ్ణి ఆవిడ పట్టుకోలేకపోతే సినిమా మొదలు. పట్టుకుంటే నమస్తే."

సోఫాలో కాళ్లు మడుచుకుని కూర్చుంది ఎనభై ఏళ్ల మాతాజీ. ఒళ్లో ఎర్రట్ట పుస్తకం, చేతిలో బాల్‌పెన్ను.

"రామకోటి రాసుకుంటున్నా బేటా. నువ్వు కానివ్వు, నా చెవులు నీ దగ్గరే ఉన్నాయి."

నికుంజ్ ఆ పుస్తకాన్ని తాకి కళ్లకద్దుకున్నాడు. కథ మొదలుపెట్టాడు. సిమ్లాలో హోటల్. మంచు. గడియ వేసిన గదిలో శవం.

"నెమ్మదిగా బేటా, ముసలి బుర్ర. గడియ లోపలా, బయటా?"

"లోపల."

"తాళంచెవి ఏ చేతిలో ఉంది?"

"ఎడమ చేతిలో."

రెండు గంటల తర్వాత హంతకుడు బయటపడ్డాడు. డాక్టరు.

"తెలుసు," అంది మాతాజీ తలెత్తకుండా. "థర్మామీటరు దులిపినప్పుడే అనుకున్నా."

"మాతాజీ, కథలో థర్మామీటరే లేదు!"

"ఉండాలి కదా బేటా, డాక్టరన్నాక."

నికుంజ్‌కి ఒళ్లు మండింది. కళ్ల ముందు ఎనిమిది వందల ఎపిసోడ్లు కదిలాయి. సభర్వాల్ తెప్పించిన సమోసా నోట్లోది మింగేశాడు.

"డాక్టరు ఉత్తినే, మాతాజీ. అసలు హంతకుడు... వంటవాడు! మంచుగడ్డలో విషం దాచాడు. అది కరిగేదాకా అందరికీ పకోడీలు వడ్డిస్తూ తిరిగాడు."

ఇంత మంచి ముగింపు తనకి ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదా అని అతనికే ఆశ్చర్యం వేసింది.

"ఇదీ తెలుసు. ఊరికే అంత ప్రేమగా పకోడీలు ఎవడు పెడతాడు? ఒరేయ్ తిలక్, నా పెన్ను అయిపోయింది, ఇంకోటి తే."

వంటవాడు పోయి హతుడి భార్య వచ్చింది. ఆవిడా తెలుసు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. "మీసం చూస్తేనే తెలియట్లా?" అంది మాతాజీ. నికుంజ్ చొక్కా చేతులు పైకి మడిచాడు. గొంతు బొంగురుపోయింది.

"అయితే వినండి. శవమే హంతకుడు!"

"అదెలా బేటా?"

అదెలాగో అరగంట చెప్పాడు. గది కొలతలు వేళ్లతో బల్ల మీద గీసి చూపించాడు. మాతాజీ ప్రతి మలుపూ రెండేసి సార్లు చెప్పించుకుంది. చివరికి నిట్టూర్చింది.

"ఆ శవం మీద నాకు మొదట్నించీ అనుమానమే."

సభర్వాల్ రెండు చేతులూ జోడించాడు. "నేనేం చెయ్యను సాబ్? మా అమ్మకి నచ్చకపోతే జనానికి నచ్చదు. నమస్తే."

నికుంజ్ డబ్బాలోంచి ఫోన్లు తీసిచ్చాడు. ఐదుగురు హంతకుల్ని పుట్టించిన మనిషి, సోమవారం నుంచి కోడలు పాలు పొంగించిందా లేదా అని చూసుకోవాలి. వీధిలోకి పోయి అరవాలనిపించింది. అయినా పెద్దావిడ కదా అని వంగి కాళ్లకి దణ్ణం పెట్టాడు.

"జీతే రహో బేటా!" అని మాతాజీ రెండు చేతులూ ఎత్తి దీవించింది. ఒళ్లోని పుస్తకం జారి కిందపడి తెరుచుకుంది. రామనామం నేల మీద ఉండకూడదని నికుంజ్ గబుక్కున తీసి కళ్లకద్దుకోబోయాడు.

అందులో ఐదుగురు హంతకులూ ఉన్నారు, రాముడే లేడు.