సర్వే రాయి

నగరంలోని ప్రతి గజం నేలా తన వివరాలను తానే చెప్పుకుంటున్న కాలమది. ఎక్కడ ఏ వ్యాపారం చేయవచ్చునో భూమి రికార్డూ, నగర ప్రణాళికా కలిసి నిర్ణయించేవి. అవి సమ్మతిస్తేనే దుకాణాల షట్టర్లు లేచేవి.

ఆ ఉదయం కాకినాడలో నూకరత్నం చేపల పులుసు కొట్టు షట్టర్ లేవలేదు.

"ఇది ఆలయ పరిధి. మాంసాహార విక్రయం నిషిద్ధం," అన్నది గోడలోని గొంతు.

నూకరత్నం నిర్ఘాంతపోయింది. "గుడా? ఇక్కడ గుడెక్కడుంది మావా?"

భర్త ఎల్లాజీ వాకిట్లోని సర్వే రాయిని చూపించాడు. "శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి, బొట్లెట్టి, కొబ్బరికాయ కొడితే పైనుంచి చూసే కెమెరా ఏటనుకుంటాది? నీ భక్తే మన కొంప ముంచిందే!"

లోపల పులుసు సిద్ధంగా ఉంది. మరికాసేపటిలో హార్బరు కూలీలు భోజనానికి వస్తారు. నూకరత్నం రాయికి దండం పెట్టి, "తప్పయిపోయింది తల్లీ," అంటూ బకెట్టెడు నీళ్ళు కుమ్మరించి కడిగేసింది.

షట్టర్ సగం లేచి ఆగిపోయింది.

"ఆలయం కూల్చివేత నమోదైనది. నూకరత్నం గారూ, పోలీసులు వచ్చేవరకు కదలవద్దు."

నూకరత్నం ఖాళీ బకెట్టుతోనే ఎల్లాజీ వైపు తిరిగింది.

"గుడి కట్టినట్టే నాకు తెలీదు మావా! కూల్చేశానంటాదేటి?"