పువ్వు బెదరకూడదు

మూడోసారి కూడా మందార టీ నల్లగా, జిగురుగా వచ్చింది.

ఆమె గరిటె పైకెత్తి చూసింది. తీగలా సాగుతోంది. తలకి రాసుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు.

లోపలి గదిలో నాన్న కళ్ళు మూసుకుని పడుకున్నాడు. అమ్మ పోయి నాలుగు నెలలు. ఎండలు మొదలైనప్పటి నుంచి ఆయన నీళ్ళు కూడా సరిగ్గా తాగడం లేదు. గ్లాసు నోటి దాకా తీసుకెళ్తే తల పక్కకి తిప్పేసుకుంటాడు. రేపటికల్లా ఒంట్లోకి నీళ్ళు పోకపోతే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

నిన్న మాత్రం నిద్రలోంచే అడిగినట్టు ఒక మాట అడిగాడు.

“మీ అమ్మ ఇచ్చేదే, ఎర్రటి చల్లటి టీ... అది ఉందా అమ్మలూ?”

ఆ టీ ఆమెకి కల గుర్తున్నట్టు గుర్తుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే అమ్మ భుజాన సంచితో వంటింట్లోకి వెళ్ళేది. గ్లాసులతో బయటికి వచ్చేది. గ్లాసులో సిరా రంగు నీళ్ళు. అమ్మ నిమ్మచెక్క పిండగానే ఒక ఎర్రటి దారం మెలికలు తిరుగుతూ కిందికి దిగేది. చూస్తూండగానే గ్లాసంతా ఎర్రబడిపోయేది. పిల్లలు రెప్ప వేసేవారు కాదు.

అంతకు ముందు వంటింట్లో ఏం జరిగేదో మాత్రం ఆమెకి తెలియదు. ఎప్పుడూ అడగలేదు. అమ్మ చేతి రుచి అనుకుంది, తాగేసింది.

ఇప్పుడు డబ్బాలో ఇంకొక్క గుప్పెడే ఎండు రేకలు మిగిలాయి. పైగా నిన్నటి నుంచి ఫ్రిజ్‌లో ఐసు కట్టడం లేదు.

బెల్లు మోగింది. ఫ్రిజ్ మెకానిక్. తల నెరిసిన మనిషి.

“ఈ ఊళ్ళో ఇదే నా ఆఖరి ఫ్రిజ్ అమ్మా. నాలుగింటి రైలుకి మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నా,” అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

ఫ్రిజ్ తలుపు మీద అమ్మ ఫొటో ఉంది. దాని ముందు అతను చేతిలో పనిముట్లతో అలాగే నిలబడిపోయాడు.

“మా అమ్మ,” అంది ఆమె.

“ఎక్కడున్నారు?”

“లేదు. నాలుగు నెలలైంది.”

అతను ఫొటో తీసి, చొక్కా అంచుతో తుడిచి, జాగ్రత్తగా అలమరలో పెట్టాడు. పనికి బద్ధకించే వాళ్ళకి ఎన్ని వంకలో అనుకుంది ఆమె.

తర్వాత అతని చూపు పొయ్యి మీదికి పోయింది.

“మందారమా?”

“అవును. మా నాన్నకి.”

“మరగబెట్టేశారే. పువ్వుని బెదరగొట్టకూడదమ్మా. చన్నీళ్ళలో వేసి వదిలేస్తే దానంతట అదే రంగు ఇస్తుంది. మీ అమ్మగారికి...”

ఆమెకి ఒళ్ళు మండింది.

“మా అమ్మ ఎలా చేసేదో నాకు తెలుసు. మీరు ఫ్రిజ్ సంగతి చూడండి, చాలు.”

తెలియదని ఆమెకే తెలుసు. అతను తలూపి, ఫ్రిజ్ వెనక్కి వెళ్ళాడు.

నాన్న దగ్గు వినిపించి ఆమె లోపలికి వెళ్ళింది. మంచం అంచున కూర్చుని ఆయన పాదాలు ఒత్తుతుంటే ఆమెకే కునుకు పట్టింది. కాసేపటికి వంటింట్లోంచి ఫ్రిజ్ సన్నగా ఝుమ్మని పాడటం వినిపించింది. దాని వెంటే అతని గొంతు.

“వస్తానమ్మా. ఐదింటి దాకా ఫ్రిజ్ తలుపు తీయకండి.”

“సరే,” అంది ఆమె, లేవకుండానే.

లేచేసరికి ఐదు దాటింది. ఎండ పచ్చబడి గోడ మీదికి పాకింది. ఫ్రిజ్ తెరిచి చూస్తే ఐసు రాయిలా కట్టి ఉంది. దాని కింద అరలో గాజు జగ్గు. జగ్గు నిండా నీళ్ళు. నీళ్ళలో ఆ ఆఖరి గుప్పెడు రేకలు.

అడక్కుండా ముట్టుకోవడానికి అతనెవరు? కస్సుమనబోయి ఆగిపోయింది. ఆ నీళ్ళు సిరా రంగులో ఉన్నాయి.

వడకట్టి, ఐసు వేసి, గ్లాసు నాన్న ముందుకి తెచ్చింది. నిమ్మచెక్క పిండింది. ఎర్రటి దారం ఒకటి మెలికలు తిరుగుతూ కిందికి దిగింది. నాన్న లేచి కూర్చున్నాడు. గ్లాసు ఖాళీ చేసి, మళ్ళీ ముందుకి చాపాడు.

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. రెండో గ్లాసు పోస్తుంటే కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

“అమ్మ చేతి రుచి వచ్చిందా నాన్నా?”

నాలుగు నెలల తర్వాత ఆయన నవ్వాడు.

“మీ అమ్మ చేతిదా? పిచ్చితల్లీ, మీ అమ్మకి పాలు కాచడమే సరిగ్గా వచ్చేది కాదు. నిమ్మకాయ పిండటం ఒక్కటే తన వాటా.”

“మరి?”

“తను టైపిస్టుగా చేసిన ఐసు ఫ్యాక్టరీలో మెషీన్లు చూసుకునే మనిషి ఒకడుండేవాడు. ఎండాకాలమంతా పొద్దున్నే ఐసు గదిలో మందార రేకలు నానబెట్టేవాడట. సాయంత్రం మీ కోసమని ఫ్లాస్కులో పోసి ఇచ్చేవాడు. పిల్లలకి చెప్పకండి, నా గొప్ప పోతుంది అనేది మీ అమ్మ.”

“ఎవరు నాన్నా ఆయన?”

“నేనెప్పుడూ చూడలేదు. ఆ మనిషి మాట ఒకటి మాత్రం మీ అమ్మ చెప్పి చెప్పి నవ్వేది. పువ్వుని బెదరగొట్టకూడదు అనేవాడట.”

ఆమె పిండబోయిన నిమ్మచెక్క చేతిలోనే ఉండిపోయింది.

చిన్నప్పుడు అమ్మ చేతిదనుకుని తాగినదీ, ఇప్పుడు నాన్న గ్లాసులో ఉన్నదీ ఒకే చేతిదని, ఆ చేతికి మధ్యాహ్నం తను మంచినీళ్ళు కూడా ఇవ్వలేదని, నాలుగింటి రైలు వెళ్ళిపోయిన గంటకి ఆమెకి తెలిసింది.