నోరు విప్పని కుండీ

అనంతపురంలో మొక్క గొంతుతో మాట్లాడని కుండీ అంటూ లేదిప్పుడు. తెల్లారితే చాలు, తులసి, కనకాంబరం, కరివేపాకు నీళ్లకోసం నాగరత్న ప్రాణం తోడేస్తాయి. మధ్యధరా తీరం నుంచి తెచ్చిన పూలమొక్క గడ్డ ఉన్న కుండీ ఒక్కటే ఉలకదు, పలకదు.

"ఎండాకాలమంతా అది నిద్రపోతాది. సలికాలం వానకే లెయ్యాల. ఇప్పుడు లేస్తే మాడిపోతాది. సుక్క కూడా పొయ్యొద్దు. దేశమంతా ఎతికినా ఇంకోటి దొరకదు" అని చెప్పి ఊరెళ్లాడు భర్త ఓబులేసు.

ఆమెకు కాలు నిలవలేదు. వంట మధ్యలో వచ్చి మట్టి ముట్టి చూసింది. చెవి ఆనించింది.

"బతికుండావా తల్లీ?"

ఉండబట్టలేక బియ్యం కడిగిన నీళ్లు కాసిని పోసింది.

కొన్నాళ్లకు, నిప్పులు చెరిగే ఎండలో, మట్టిని చీల్చుకుని లేత మొలక తలెత్తింది. కుండీ మొదటిసారి నోరు విప్పింది.

"అమ్మా, చలికాలం వచ్చిందా?"