వెనక అద్దం

"టమాటా ఒక్కటే తింటే సగం ఫలితమేరా! బ్రకోలీతో కలిపి తింటే క్యాన్సర్ రాకుండా కాపాడుకోవచ్చట!"

సెలూన్ కుర్చీలో కూర్చుని కూరల కొట్టు బాబాయ్ ఉపన్యాసం దంచుతున్నాడు. పేపర్లో ఆ ముక్క చదివిన దగ్గర్నుంచీ రెండూ కలిపి తినడమే, కలిపి అమ్మడమే.

అతని మెడకు గుడ్డ చుడుతున్న బార్బర్ వంగి మెడ వెనక పరీక్షగా చూశాడు. చిన్న అద్దం తీసి బాబాయ్ తల వెనక పట్టుకున్నాడు.

"బాగుంది, బాగుంది," అన్నాడు బాబాయ్, పన్నెండేళ్లుగా అంటున్నట్టే, చూడకుండా.

"ఇంకా కత్తెరే పెట్టలేదు బాబాయ్! ఈసారైనా చూడండి."

బాబాయ్ చూశాడు. మెడ వెనక నల్లటి మచ్చ.

"పుట్టుమచ్చేలేరా."

"పోయిన నెల ఆవగింజంత ఉంది. ఇప్పుడు బఠాణీ అంతయింది. ఏమీ కాకపోవచ్చు, కానీ డాక్టరుకి చూపించండి."

"రోజూ రెండూ కలిపే తింటున్నానే!"

"తినండి, ఎవరొద్దన్నారు? మెడ వెనక్కి మీ కళ్లు పోవుగా."

బాబాయ్ గుడ్డ విప్పేసి లేచాడు.

"మరి కటింగు?"

"వచ్చాక చూద్దాం. నువ్వూ పద. ఎప్పట్నుంచి పెరుగుతోందని డాక్టరడిగితే నాకేం తెలుసు?"